అల్లం కాని అల్లం

మావారికి చీటీ రాసిచ్చి కూరలకు పంపడం ఒక సాహసం. కొత్తిమీర అని రాస్తే పార్స్లీ వస్తుంది. సొరకాయ అని రాస్తే అరబ్బుల ‘కూసా’ వస్తుంది. దోహాలో ఉన్న మన తెలుగు ఇల్లాళ్లలో సగం మందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది, కాబట్టి ఇందులో నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ 2023 నవంబరులో ఓ గురువారం సాయంత్రం పావుకిలో అల్లం తెమ్మంటే ఆయన తెచ్చిన వస్తువు మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ కథలా చెప్పుకుంటున్నాం.

చూడ్డానికి అచ్చం అల్లమే. లేత గోధుమరంగు తొక్క, కణుపులు కణుపులుగా బుడిపెలు. శుక్రవారం పొద్దున్న ఉప్మాకని తరగబోతే కత్తి కిందనుంచి నీళ్లు చిమ్మాయి. పీచు లేదు, ఘాటు లేదు, వాసన లేదు. పచ్చి ముల్లంగిని కోసినట్టు కరకరమంటోంది. చెత్తబుట్టలోంచి ప్యాకెట్ తీసి చూస్తే ఫ్రాన్స్ నుంచి వచ్చిన సరుకు, పేరు ‘టోపినంబూర్’. ధర చూసి నోరు నొక్కుకున్నాను, ఆ డబ్బుతో నెలకు సరిపడా అల్లం వచ్చేది. మా పెద్దది కంప్యూటర్‌లో వెతికి, “అమ్మా, ఇది సన్‌చోక్. దీన్నే జెరూసలేం ఆర్టిచోక్ అని కూడా అంటారట” అని ప్రకటించింది.

అప్పటికి మా అత్తయ్యగారు వచ్చి నెలరోజులు. మామయ్యగారు పోయిన ఏడాదికి ఆవిడని అమలాపురం దగ్గర పల్లెటూరి నుంచి బలవంతాన తీసుకొచ్చాం. కొబ్బరిచెట్ల మధ్య, కాలవగట్టు పక్కన డెబ్భై ఏళ్లు బతికిన మనిషి. ఐన్ ఖాలిద్‌లో మేముండేది ఒక విల్లాలో సగం వాటా. చుట్టూ ఎత్తయిన ప్రహరీగోడ, గోడకీ ఇంటికీ మధ్య పది అడుగుల ఖాళీజాగా. పిల్లలు బడికి, మేమిద్దరం ఆఫీసులకి పోతే ఆవిడ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఆ ఎర్రమట్టి రంగు గోడని చూస్తూ కూర్చునేవారు. “ఇక్కడ కోడి కూయదేవిటమ్మా?” అని అడిగేవారు. రోజూ కాఫీ గ్లాసు అందుకుంటూ ఇంకో మాట అడిగేవారు: “నా టిక్కెట్టు ఎప్పటికి తీశాడు అబ్బాయి?”

ఆ దుంపల్ని నేను పారేయబోతుంటే ఆపింది ఆవిడే. ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలి, “కంద కాదు, చేమ కాదు, పెండలం అంతకన్నా కాదు. కానీ దుంపే. దుంపని పారేస్తారా ఎవరైనా?” అన్నారు. నెల తర్వాత ఆవిడ నోటివెంట ఇష్టంగా వచ్చిన మొదటి మాట అదే. నాకు ఉత్సాహం వచ్చి, వాటిలో సగం బంగాళాదుంపల్లాగా ముక్కలు చేసి, ఉప్పూ కారం వేసి ఎర్రగా వేపుడు చేశాను. రుచి అద్భుతం! తియ్యగా, కాల్చిన చిలగడదుంపకీ వేరుశనగకీ మధ్యలో ఎక్కడో ఉంది. అందరం రెండేసిసార్లు వడ్డించుకున్నాం.

ఆ రాత్రి జరిగింది ఈ పత్రికలో రాయొచ్చో లేదో తెలీదు గానీ, రాయకపోతే వ్యాసం సగమే అవుతుంది. కడుపులు డోలు వాయించాయి. మా చిన్నాడికి ఆరేళ్లు. వాడు నవ్వి నవ్వి మంచం మీంచి పడ్డాడు. అత్తయ్యగారు వాము నలిపి అందరికీ తలా చిటికెడు పంచుతూ, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మామయ్యగారు పోయాక ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదలు.

పిల్లలూ, ఆ రాత్రి మా కడుపుల్లో ఏం జరిగిందో మీకు చెప్పాలి. బంగాళాదుంపలో ఉండేది పిండిపదార్థం, అది మన పేగుల్లో ఇట్టే అరిగిపోతుంది. ఈ సన్‌చోక్ తన ఆహారాన్ని పిండిగా కాకుండా ‘ఇనులిన్’ అనే ఇంకో రూపంలో దాచుకుంటుంది. దాన్ని అరిగించే సాధనం మన దగ్గర లేదు. అందుకని అది అలాగే పెద్దపేగు దాకా పోతుంది. అక్కడుండే కోట్లాది సూక్ష్మజీవులకు అది విందుభోజనం. అవి తిని వదిలే వాయువే ఆ డోలు! ఆ సూక్ష్మజీవులు మనకు మేలు చేసేవే, కాబట్టి ఇనులిన్ చెడ్డదేమీ కాదు. కాకపోతే మొదటిసారే రెండు గరిటెలు తినకూడదు, అంతే. ఈ సంగతి మాకంటే 400 ఏళ్ల ముందే తెలిసినవాళ్లున్నారు. 1621లో జాన్ గుడ్‌యర్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడు ఈ దుంప ఎలా వండినా కడుపులో గాలి పుట్టిస్తుందనీ, ఇది మనుషులకంటే పందులకే తగిందనీ విసుక్కున్నాడు. పాపం ఆయనకు చింతపండు సంగతి తెలీదు. దాని గురించి తర్వాత చెబుతాను.

పేరు సంగతి కూడా తమాషాగానే ఉంటుంది. దీనికి జెరూసలేంతో సంబంధం లేదు, ఆర్టిచోక్‌తోనూ లేదు. ఇది పొద్దుతిరుగుడు పువ్వుకి స్వయానా చెల్లెలు, పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి మూలవాసులు పండించుకునే దుంప. ఫ్రాన్స్ నుంచి వెళ్లిన సామ్యూల్ ద షాంప్లేన్ 1605లో కేప్ కాడ్ ప్రాంతంలో వాళ్ల తోటల్లో దీన్ని చూసి, ఆర్టిచోక్ రుచిలా ఉందని రాసుకున్నాడు. ఇటలీవాళ్లు పొద్దుతిరుగుడును ‘జిరసోలె’ అంటారు. ఆ మాట ఇంగ్లీషువాళ్ల నోట్లో నలిగి నలిగి జెరూసలేం అయ్యిందని చెబుతారు. ఫ్రెంచి పేరు మరీ విచిత్రం. 1613లో బ్రెజిల్ నుంచి టుపినాంబా తెగవాళ్లని కొందరిని పారిస్‌కు తీసుకొస్తే ఊరంతా విరగబడి చూసిందట. అదే రోజుల్లో బజారులోకి వచ్చిన ఈ కొత్త దుంపకి వాళ్ల పేరు అంటగట్టేశారు. వాళ్లకీ దుంపకీ ఏ చుట్టరికమూ లేదు! ఇక సన్‌చోక్ అన్న పేరు 1960ల్లో కాలిఫోర్నియాలో కూరగాయల టోకు వ్యాపారం చేసిన ఫ్రీడా కాప్లన్ పెట్టింది, అమ్ముడుపోవాలని. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు బంగాళాదుంపలన్నీ పట్టుకుపోతే ఫ్రెంచివాళ్లు ఏళ్ల తరబడి ఈ దుంపే తిని బతికారు. యుద్ధం అయ్యాక ఆ తరంవాళ్లు చాలామంది దాని మొహం చూడలేదట. ఇన్ని పేర్లున్న దుంపకి మా ఇంట్లో ఇంకో పేరు పడింది. అత్తయ్యగారు ‘అల్లందుంప’ అన్నారు. పిల్లలు ‘సూర్యదుంప’ అన్నారు. రెండూ చెల్లుబాటు అవుతున్నాయి.

వంటగదిలో బుట్టలో మిగిలిన నాలుగు దుంపల సంగతి నేను మర్చిపోయాను. రెండువారాల తర్వాత చూస్తే కణుపుల దగ్గర గులాబీరంగు మొలకలు! “ఇవి బతకాలని చూస్తున్నాయమ్మాయ్” అన్నారు అత్తయ్యగారు. ఆ సాయంత్రం నేను ఆఫీసునుంచి వచ్చేసరికి ఆవిడ కిటికీ దగ్గర లేరు. పెరట్లో గోడవార చతికిలబడి, అట్లకాడతో నేల తవ్వుతున్నారు.

తవ్వితే ఏముంది? రెండంగుళాల ఇసుక, దాని కింద సున్నపురాయి ముక్కలు, మేస్త్రీలు వదిలేసిన సిమెంటు పెళ్లలు. కోనసీమలో నేలను చేత్తో తవ్వినా నల్లటి ఒండ్రుమట్టి ముద్దగా వస్తుంది. అక్కడ ఏడాదికి 1000 మిల్లీమీటర్లకు పైన వాన. ఖతార్‌లో ఏడాది మొత్తం కలిపినా 80 మిల్లీమీటర్లు దాటడం గొప్ప. నది లేదు, చెరువు లేదు. మనం తాగే నీరు సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి చేసిందే. ఆవిడకి ఈ విషయం చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. మర్నాటి నుంచి బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు సింకులో పోయనివ్వకుండా బకెట్టులో పట్టడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఆ బకెట్టు మా సింకు కిందే ఉంది.

మట్టి కోసం ఆ శుక్రవారం అల్ మజ్రూవా యార్డుకి వెళ్లాం. కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను. దోహా దాటి ఉమ్ సలాల్ వైపు వెళితే, చలికాలంలో స్థానిక తోటలవాళ్లు తమ పంట తెచ్చి నేరుగా అమ్ముకునే ప్రభుత్వ సంత ఇది. అల్ ఖోర్‌లోనూ, అల్ వక్రాలోనూ కూడా ఉన్నాయి. టమాటా, వంకాయ, కీర, కోతకోసి గంట కాని ఆకుకూరలు. ఎడారిలో ఇంత పంట ఎక్కడిదని అడిగితే రెండు జవాబులు. ఒకటి, ఈ నేలలో అక్కడక్కడా ‘రౌదా’లనే పల్లపు జాగాలున్నాయి. వాన పడినప్పుడు నీటితోపాటు మెత్తటి మట్టి కొట్టుకొచ్చి వాటిలో చేరుతుంది. పాత తోటలన్నీ అలాంటిచోట్లే వెలిశాయి. రెండోది 2017. ఆ ఏడాది జూన్ 5న పొరుగుదేశాలు రాకపోకలు ఆపేసి, ఉన్న ఒక్క భూసరిహద్దూ మూతపడినప్పుడు ఇక్కడున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి పాలకోసం సూపర్ మార్కెట్ల ముందు కట్టిన వరసల్లో నేనూ ఉన్నాను, చంకలో ఏడాది నిండని చిన్నాడితో. కొద్దిరోజుల్లోనే విమానాల్లో సరుకు వచ్చింది, చివరికి విమానాల్లో ఆవులే వచ్చాయి! ఆ తర్వాత గ్రీన్‌హౌసులు పెరిగాయి, స్థానిక కూరగాయలు పెరిగాయి. 2021 జనవరిలో సరిహద్దు తెరుచుకున్నా ఆ తోటలు ఉండిపోయాయి.

యార్డులో ఒక కొట్టు దగ్గర అత్తయ్యగారు వంకాయలు ఏరుతూ, తనలో తాను “ముదిరిపోయాయి” అని గొణిగారు. తూకం వేసే అబ్బాయి తలెత్తి, “ముదురలేదమ్మా, ఈ రకం గట్లనే ఉంటది” అన్నాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది! “ఏ ఊరు బాబూ?” “జగిత్యాల దిక్కు.” తోటలో పని, శుక్ర శనివారాలు ఇక్కడ అమ్మకం. ఇంటికి వెళ్లి మూడేళ్లు దాటింది. దుంపలు నాటబోతున్నామంటే మా మట్టి గురించి అడిగి తెలుసుకుని చెప్పాడు: “గీ ఇసుకల నీళ్లు నిలువయ్ అమ్మా. మాగిన పెంట కలుపుండ్రి, పచ్చిది ఏస్తే మాడిపోతది. మూడొంతులల్ల ఒకొంతు ఎరువు ఉండాలె. మీద గడ్డి పరువుండ్రి, ఎండకు తడి ఆరదు.” మేము అడగకుండానే ఒక గోంగూర కట్ట సంచీలో పడేశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ పైవారం అత్తయ్యగారు తాను తెచ్చుకున్న మాగాయలోంచి ఒక సీసా కట్టి పట్టుకొచ్చి అతని చేతిలో పెట్టారు. అతను ఆ సీసాని కొట్టు కింద, తన సంచీలో, చొక్కాల మధ్య దాచుకున్నాడు. ఇద్దరి యాసలకీ మధ్య నాలుగు జిల్లాల దూరం. అయినా వాళ్ల కబుర్లు తెమలక మావారు కారు హారన్ కొట్టాల్సి వచ్చింది.

డిసెంబరు మొదటివారంలో నాటాం. రెండు దుంపలు గోడవార నేలలో, రెండు పాత నీళ్లడ్రమ్మును అడ్డంగా కోసి చేసిన తొట్లలో. తొట్టి అడుగున కన్నాలు, వాటిమీద పెంకులు, ఆపైన ఇసుక, కొబ్బరిపొట్టు, మాగిన మేకల ఎరువు. నాలుగంగుళాల లోతు, దుంపకీ దుంపకీ మధ్య అడుగున్నర ఎడం. నీళ్లు పొద్దున్నే, మొక్క మొదట్లో మాత్రమే. నాటేవాళ్లెవరైనా ఉంటే ఒక జాగ్రత్త: ఈ మొక్క ఒకసారి నేల పట్టుకుంటే వదలదు. తవ్వినప్పుడు చిటికెనవేలంత ముక్క మిగిలినా మళ్లీ లేస్తుంది. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లం కాబట్టి తొట్లే మేలు. (నేలలో నాటి తప్పుచేశాం. ఆ మాట మావారు గుర్తుచేస్తూనే ఉన్నారు.)

ఖతార్ జాతీయదినోత్సవం డిసెంబరు 18. ఆ రోజు పొద్దున్న పిల్లలు బయటకి పరిగెత్తి పెద్దగా అరిచారు, మొలకలు వచ్చాయని. చిన్నాడు బళ్లో ఇచ్చిన మెరూన్, తెలుపు కాగితం జెండాని తొట్టిలో గుచ్చాడు. “జెండా కోసం మొలిచింది మామ్మా” అన్నాడు. “కాదురా, నీళ్ల కోసం” అన్నారు ఆవిడ.

ఇక అక్కణ్నుంచి మా అత్తయ్యగారి దినచర్య మారిపోయింది. తెల్లారకుండా లేచి పెరట్లోకి. జనవరిలో షమాల్ గాలి దుమ్మెత్తి పోసినప్పుడు చీపురుపుల్లలు కట్టలుగా కట్టి మొక్కలకు ఊతమిచ్చారు. పిండినల్లి పడితే సబ్బునీళ్లలో గుడ్డ ముంచి ఒక్కొక్క ఆకూ తుడిచారు. దుంపల పక్కనే మెంతికూర, తోటకూర, నాలుగు గోంగూర మొక్కలు కూడా చేరాయి. గోడ అవతలి వాటాలో ఉండే సిరియా ఆవిడకి మా ఆవిడ మాటలు రావు, మా ఆవిడకి ఆవిడ మాటలు రావు. అయినా మెంతికూర అటు వెళ్లేది, ఆలివ్‌లూ పుదీనా ఇటు వచ్చేవి. మధ్యాహ్నాలు ఇద్దరూ గోడకి చెరోపక్క నిలబడి మాట్లాడుకునేవాళ్లట, ఎవరి భాషలో వాళ్లు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, “మోకాళ్ల నొప్పుల గురించి” అన్నారు అత్తయ్యగారు ధీమాగా.

ఆ చలికాలంలోనే దోహాలో ఉద్యాన ఎక్స్‌పో జరిగింది. 2023 అక్టోబరు 2 నుంచి 2024 మార్చి 28 దాకా, అల్ బిద్దా పార్కులో. ఎడారిని పచ్చగా చేయడం ఎలా అన్నది దాని ముఖ్యాంశం. అత్తయ్యగారిని రెండుసార్లు తీసుకెళ్లాం. ఒక పెద్ద భవనం కప్పు మొత్తం నేలమీంచి ఎక్కిపోయే గడ్డిగుట్టలా ఉంటే ఆవిడ ముచ్చటపడి, “మన పాకమీద పెంచే గుమ్మడిపాదు లాంటిదేగా” అన్నారు. మట్టి లేకుండా నీళ్లలో పెంచే మొక్కలూ, చుక్కచుక్క నీటిని లెక్కపెట్టే యంత్రాలూ చూసి మాత్రం నోరెత్తలేదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో, “ఇంత కష్టపడి పండిస్తున్నారు వీళ్లు. మనం కాలవలో నీళ్లు వదిలేసి నిద్రపోతాం” అన్నారు.

ఖతార్‌కి కూడా తనదైన ఒక దుంపలాంటి వస్తువుంది, దాన్ని ఫగా అంటారు. నిజానికి అది దుంప కాదు, నేలలోపల పెరిగే పుట్టగొడుగు. చలికాలపు తొలివానలు బాగా పడితే కొన్ని వారాల తర్వాత ఎడారిలో అక్కడక్కడా నేల చిన్నగా ఉబ్బి పగుళ్లిస్తుంది. అలవాటైన కళ్లకే ఆ పగులు కనిపిస్తుంది. రగ్రూగ్ అనే చిన్న మొక్క వేళ్లతో జతకట్టి ఇది బతుకుతుంది కాబట్టి, ముందు ఆ మొక్కని వెతుకుతారు. తమాషా చూడండి, సన్‌చోక్ శాస్త్రీయనామం హీలియాంథస్, ఆ ఎడారి మొక్కది హీలియాంథమమ్. రెండు పేర్లలోనూ సూర్యుడూ పువ్వూ ఉన్నాయి! ఉరుములు ఉరిమితేనే ఫగా పుడుతుందని ఇక్కడి పెద్దవాళ్ల నమ్మకం. ఆ మాట చెబితే అత్తయ్యగారు, “మరి? మన దగ్గర పుట్టగొడుగులు మాత్రం ఉరుము లేకుండా వస్తాయా?” అన్నారు. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మేము కూడా ఉత్సాహంగా ఉత్తరాన ఎడారిలోకి వెళ్లి మూడుగంటలు నేల చూస్తూ తిరిగాం. దొరికింది ఒక ఒంటె దవడ ఎముక. చిన్నాడు దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. ఫగా మాత్రం ఆ తర్వాత బజారులో చూశాం, ధర అడిగి నమస్కారం పెట్టి వచ్చేశాం.

మా సూర్యదుంప మొక్కలు చలిదేశాల్లో ఆరేడు నుంచి పదడుగుల దాకా పెరుగుతాయని చదివి ఆశపడ్డాను. ఇక్కడ నా ఛాతీ ఎత్తు దగ్గరే ఆగిపోయాయి. కారణం తర్వాత తెలిసింది. పగటిపొద్దు తగ్గుతున్నప్పుడు ఈ మొక్క పెరగడం మానేసి కింద దుంప కట్టే పనిలో పడుతుంది. మనం డిసెంబరులో నాటితే పాపం దానికి పుట్టినప్పుడే పొద్దు చిన్నది. అయినా ఫిబ్రవరి ఆఖర్లో అయిదారు పూలు పూసింది. అరచేతిలో పట్టే పసుపుపచ్చ పూలు, చిన్న పొద్దుతిరుగుడు లాంటివి. అత్తయ్యగారు ఒకటి కోసి దేవుడి దగ్గర, ఒకటి మామయ్యగారి ఫొటో దగ్గర పెట్టారు.

మార్చి మొదటివారంలో ఆవిడ ప్రయాణం. టిక్కెట్టు నవంబరులో ఆవిడ పోరు పడలేక తీసిందే. తీరా ఆ రోజు వచ్చేసరికి పెట్టెలు సర్దుకోకుండా పెరట్లో తిరిగారు. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఒక తొట్టి పక్కన వేలు గుచ్చి తడిమి, “ఇంకా ఊరుతున్నాయి. ఆకు పండేదాకా ముట్టుకోకండి. ఆకు పండాక ఓ పదిరోజులు నీళ్లు ఆపండి” అని మూడుసార్లు చెప్పారు. విమానాశ్రయానికి వెళ్లే దారిలో నాలుగోసారి చెప్పారు. పెద్దది పన్నెండేళ్ల పిల్ల, ఏడుపు ఆపుకుంటూ నోట్ బుక్కులో రాసుకుంది.

ఆవిడ వెళ్లిన వారానికి రంజాన్ మొదలైంది. నెలాఖరుకి ఆకులు పండి ఒరిగాయి. తవ్వుదామని చిన్నాడి గొడవ, నోట్ బుక్కు చూపించి పెద్దది అడ్డం. చివరికి ఏప్రిల్ రెండోవారంలో, ఈద్ సెలవుల్లో తవ్వాం. ఫోను గోడకి ఆనించి వీడియో పెట్టాం, అటు అమలాపురంలో అత్తయ్యగారు మంచంమీద బాసింపట్టు వేసుకుని, వెనక మా ఆడపడుచు, పక్కింటివాళ్లు ఇద్దరు. తొట్టి బోర్లించగానే మట్టిగడ్డలోంచి తెల్లగా, బుడిపెలు బుడిపెలుగా బయటపడ్డాయి. “గుచ్చకండి, చేత్తో తీయండి, చేత్తో!” అని ఫోనులోంచి కేకలు. నాలుగు దుంపలు పెడితే తూకానికి కిలో ఆరువందల గ్రాములు వచ్చాయి. నేలలో వేసినవాటికంటే తొట్లలోవే లావుగా ఊరాయి.

ఈసారి వంట ఆవిడ చెప్పినట్టు చేశాను. కావాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. పావుకిలో దుంపల్ని బ్రష్షుతో రుద్ది కడగాలి, తొక్క తీయక్కర్లేదు. తీస్తే మాత్రం వెంటనే నిమ్మరసం పిండిన నీళ్లలో వేయాలి, లేకపోతే నల్లబడతాయి. అంగుళం ముక్కలు చేసి, నిమ్మకాయంత చింతపండు రసంలో చిటికెడు పసుపు, ఉప్పు వేసి పావుగంట సన్నటి సెగమీద ఉడికించాలి. పక్కన నూనెలో ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, కాస్త ఎక్కువగానే ఇంగువ, కరివేపాకు, ఉల్లిపాయ ముక్కలు వేయించి అందులో ఈ పులుసంతా పోయాలి. చెంచాడు కారం, గోళీకాయంత బెల్లం. చిక్కదనానికి చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోసి, రెండు పొంగులు రాగానే దించేయాలి. ఇంకాసేపు ఉంచితే దుంప పేస్టు అయిపోతుంది, ఆ విషయంలో దీనికి చేమదుంపకున్న ఓపిక లేదు.

భయపడుతూనే తిన్నాం. వాము డబ్బా దగ్గరే పెట్టుకున్నాం. రాత్రి గడిచింది, డోలు మోగలేదు! చిన్నాడు నిరాశపడ్డాడు. పులుపులో ఉడికించినప్పుడు ఇనులిన్ గొలుసులు తెగి మామూలు చక్కెరలుగా మారతాయట. పాశ్చాత్యులు దీనికోసం నిమ్మరసంలో ఉడకబెట్టమని చెబుతారు. మనం పులుసు పెట్టామంటే ఆ పని తెలియకుండానే చేసినట్టు. తవ్వాక నెలరోజులు ఫ్రిజ్‌లో ఉంచినా ఇనులిన్ తగ్గి దుంప తియ్యబడుతుంది. అయితే ఈసారి తలా నాలుగు ముక్కలే తిన్నామన్నది కూడా ఒప్పుకోవాలి.

జగిత్యాల అబ్బాయికి ఓ అరడజను దుంపలు కాగితం సంచీలో పట్టుకెళ్లాం. యార్డు సీజను ముగింపుకొచ్చింది, జనం పలచగా ఉన్నారు. అతను సంచీలోకి చూసి, “అల్లమా అమ్మా?” అన్నాడు. అందరం ఒక్కసారే నవ్వాం. జులైలో ఇంటికి పోతున్నానని, టిక్కెట్టు కూడా అయిందని చెప్పాడు. పెద్దమ్మ మాగాయ సీసా ఖాళీ అయిందని, కడిగి ఉంచానని లోపలినుంచి తెచ్చి ఇచ్చాడు.

విత్తనానికి ఎనిమిది దుంపలు తడి ఇసుకలో పెట్టి, పెరుగుడబ్బాలో, ఫ్రిజ్ అడుగు అరలో దాచాం. పెద్దది డబ్బామీద తేదీ రాసి అంటించింది. ఎండాకాలం నలభై అయిదు డిగ్రీల్లో తొట్లన్నీ బోసిగా ఉండిపోయాయి, గోడవార నేల మాత్రం మేమేమీ చేయకుండానే రెండు పిలకలు వేసి, ఆగస్టులో మాడి, మళ్లీ సెప్టెంబరులో లేచింది. 2024 అక్టోబరు ఆఖర్లో డబ్బా తీసి నాటుతూ అత్తయ్యగారికి ఫోను చేశాం. ఎరువు కలిపామా, కన్నాలు మూసుకుపోలేదు కదా, మెంతులు చల్లారా, గోడవతల ఆవిడ మోకాళ్లు ఎలా ఉన్నాయి, అన్నీ అడిగారు. అయ్యాక కాసేపు ఊరుకుని, “అబ్బాయికివ్వు ఫోను” అన్నారు.

మావారు అందుకుని “చెప్పమ్మా” అన్నారు.

“సంక్రాంతి కాగానే వస్తాను. తిరుగు టిక్కెట్టు మాత్రం తవ్వేశాక తియ్యి.”